గృహనిర్మాణానుమతి రుసుములను గూర్చి

తెలంగాణ పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శిగారికి,

ఆర్యా,

2020 నాటి టీఎస్‌-బీపాస్‌ శాసనము 75 చదరపు గజముల లోపలి స్థలమున ఒక అంతస్తు మేడ వరకు కట్టుకొను పేదవానికి, ఒక్క రూపాయి నమోదుతో అనుమతి బాధను తప్పించినది. ఆ మేలు మరువరానిది. కాని నూటయేబది గజములు కొనుక్కొన్న చిరుద్యోగి అభివృద్ధి రుసుము, బెటర్‌మెంటు ఛార్జీ, ఖాళీస్థలపు పన్ను, లేఅవుటు అనుమతి లేనిదైనచో స్థలము విలువలో 14 శాతము ఖాళీజాగా రుసుము, ఇవి యన్నియు పునాదికి గడ్డపార పడకమునుపే చెల్లింపవలసి వచ్చుటచేత, ఇటుకకును ఇనుమునకును కూడబెట్టిన సొమ్ము చలానాల పాలగుచున్నది. ప్లాను గీసినవానికి ఇచ్చుకొనునది వేరు. అక్రమ లేఅవుటు వేసి అమ్మినవాడు ధనముతో తొలగిపోగా, దండన కొన్నవాని నెత్తిన పడుట న్యాయము కాదు. కావున చిన్న స్థలములవారి రుసుములను స్లాబు పడిన పిమ్మట వాయిదాలలో స్వీకరించునట్లు ఉత్తరువు దయచేయ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక గృహస్థుడు