చీర్ చెట్టును బోనెక్కించకండి

ఎండలు ముదిరితే చాలు, ఉత్తరాఖండ్ అడవులు అంటుకున్నాయన్న వార్త వస్తుంది. నేరం చీర్ పైన్ మీద పడుతుంది. నరికేస్తే పీడ వదులుతుందనేవాళ్లూ ఉన్నారు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నేను ఆ మాట ఒప్పుకోను. నాది సామర్లకోట. ఈ చెట్టు శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గీ. ఆ పేరులో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర 1793లో కలకత్తా వెళ్లకముందు మా ఊళ్లోనే మొక్కలు పెంచి పరిశీలించాడు. అందుకని నాకు కాస్త పక్షపాతం ఉందనుకున్నా ఫరవాలేదు.

చీర్ హిమాలయాల సొంత బిడ్డే. సుమారు 500 నుంచి 2,000 మీటర్ల ఎత్తున, ఎండ బాగా తగిలే పొడి వాలుల్లో, వేరే చెట్టు బతకలేని రాతినేలలో నిలబడుతుంది. జానెడు పొడవు సూదుల్లాంటి ఆకులు వేసవిలో రాలి, నేలంతా పరుచుకుంటాయి. అక్కడివాళ్లు వాటిని పిరూల్ అంటారు. అందులో జిగురు ఉంటుంది, త్వరగా కుళ్లదు. నిప్పు తగిలితే ఇక ఆగదు. మందపాటి బెరడున్న చీర్ తట్టుకుంటుంది, పక్కనున్న బాంజ్ ఓక్ మొలకలు మాడిపోతాయి. అలా చీర్ ఏటా కొంత ముందుకు జరుగుతుంది.

దాన్ని ముందుకు తోసింది మాత్రం మనుషులే. రైలు స్లీపర్లకూ, టర్పెంటైన్‌కూ పనికొస్తుందని బ్రిటిష్ సర్కారు చీర్‌ను నెత్తిన పెట్టుకుంది. పశువుల మేతకూ, వంటచెరకుకూ ఆధారమైన బాంజ్‌ను పట్టించుకోలేదు. 1921లో అటవీ ఆంక్షల మీద తిరగబడ్డ అక్కడి కుమావూ ప్రాంత ప్రజలు తగలబెట్టినవీ ఎక్కువగా చీర్ అడవులే.

చేయాల్సిన పని తెలియనిదేమీ కాదు. పొడి వాలులు చీర్‌కు వదలాలి. చెమ్మ నిలిచే వాలుల్లో బాంజ్‌ను మళ్లీ పెంచాలి. వేసవికి ముందే పిరూల్ ఎత్తించాలి. కిలోకు 50 రూపాయలిస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వీపున మోపు మోసుకొచ్చే ఆడవాళ్లకు ఆ డబ్బు ఆలస్యం లేకుండా చేతికందితేనే ఆ ప్రకటనకు విలువ.

చార్‌ధామ్ యాత్రకు వెళ్లే మనవాళ్లకూ ఒక మాట. ఆ కొండల్లో బండి దిగి బీడీ, సిగరెట్ ముట్టించకండి. దారి పక్కన పొయ్యి పెట్టకండి. అక్కడ నిప్పు పుట్టించేది చెట్టు కాదు, మనిషే.