నోట్‌బుక్ నిండితే పాఠం వచ్చినట్టేనా?

పేరెంట్స్ మీటింగ్ రోజున చాలామంది తల్లిదండ్రులు ముందుగా అడిగేది నోట్‌బుక్. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా, హెడ్డింగుల కింద గీత పడిందా, టీచర్ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారా, మధ్యలో ఖాళీ పేజీలు వదిలేశాడా అని తిప్పి చూస్తారు. కట్టిన ఫీజుకు కంటికి కనిపించే లెక్క అదే కాబట్టి అలా చూడటం సహజమే. కానీ ఆ పేజీల్లో కనిపించేది పిల్లల ఓపిక మాత్రమే. పాఠం అర్థమైందో లేదో వాటిలో కనిపించదు.

తరగతిలో పిల్లలు రాసేది రెండు రకాలు. బోర్డు మీద ఉన్నది, టీచర్ డిక్టేట్ చేసింది పొల్లుపోకుండా ఎక్కించుకోవడం ఒకటి. పాఠం వింటూ, ఏది ముఖ్యమో తామే తేల్చుకుని, తమ మాటల్లో రాసుకోవడం రెండోది. మొదటిది ఫెయిర్ నోట్స్. దాన్ని దిద్దుతాం, మార్కులు వేస్తాం. రెండోదాన్ని రఫ్ అని పక్కన పడేస్తాం. పరీక్షకు ఫెయిర్ నోట్స్ అవసరమే, కాదనను. కానీ పాఠం బుర్రలోకి ఎక్కేది ఎక్కువగా రఫ్ రాసేటప్పుడే అని నా అభిప్రాయం.

కారణం సులువు. మనిషి మాట్లాడినంత వేగంగా పిల్లలు మామూలు రాతలో రాయలేరు. కాబట్టి విన్నదంతా రాయాలనుకున్న పిల్లవాడు వినడం మానేస్తాడు. కొంతే రాయాలనుకున్నవాడు మాత్రం ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఆలోచించక తప్పదు. నేర్చుకోవడం అంటే ఆ ఆలోచనే.

తొమ్మిదో తరగతిలో రుతుపవనాల పాఠమే తీసుకోండి. డిక్టేషన్‌లో అది నాలుగు వరుసల ఇంగ్లీషు జవాబు. సొంతంగా రాసుకున్న అమ్మాయి పేజీలో ఇలా ఉండొచ్చు: 'ఎండాకాలం – నేల త్వరగా వేడి – ప్రెషర్ తక్కువ – సముద్రం గాలి లోపలికి – వాన'. మధ్యలో నాలుగు బాణం గుర్తులు, ఒక కొట్టివేత. చూడటానికి బాగోదు. కానీ 'చలికాలంలో గాలి దిశ ఎందుకు మారుతుంది?' అని అడిగితే, ఆ బాణాలను తిప్పి ఆలోచించగలిగేది ఆ అమ్మాయే.

ఆ పేజీలో తెలుగు మాటలున్నాయని కొందరు కంగారుపడతారు. ఇంగ్లీషు మీడియం టీచర్‌గానే చెబుతున్నాను, కంగారు వద్దు. జవాబు ఇంగ్లీషులోనే రాయాలి, అది మేం నేర్పిస్తాం. తన కోసం రాసుకునే చోట తెలుగు మాట పడిందంటే, విన్నదాన్ని తనకు తెలిసిన దానితో కలుపుకుంటున్నట్టే.

పద్ధతి కావాలంటే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చిన కార్నెల్ నోట్స్ ఉంది. పేజీకి ఎడమవైపు సన్నగా ఒక భాగం వదలాలి. కుడివైపు తరగతిలో విన్నది రాయాలి. ఇంటికొచ్చాక ఎడమవైపు దానికి సంబంధించిన ప్రశ్నలు, కింద రెండు మూడు వాక్యాల్లో సారాంశం రాయాలి. తర్వాత కుడివైపు చేత్తో మూసి, ప్రశ్నలు చూసి జవాబులు చెప్పుకోవాలి. స్కేలు, పెన్సిలు ఉంటే చాలు.

మావైపు నుంచి చేయాల్సిందీ ఉంది. పీరియడ్ చివర ఐదు నిమిషాలు డిక్టేషన్ ఆపి, పిల్లలు సొంతంగా రాసుకునే సమయం ఇవ్వాలి. నోట్‌బుక్ నీట్‌గా లేదని మాత్రమే మార్కులు కోయకూడదు.

మీ నుంచి కోరేవి రెండే. పిల్లలు స్కూలుకు రాని రోజు నోట్స్ ఫొటోలు పెట్టమని వాట్సాప్ గ్రూపులో అడగడంతో సరిపెట్టకండి. స్నేహితుడి దగ్గర కూర్చుని, పాఠం చెప్పించుకుని రాసుకోమనండి. రాత్రి భోజనాలయ్యాక 'నోట్స్ చూపించు' అనే బదులు, 'నోట్స్ మూసి, ఈరోజు పాఠం నాకు చెప్పు' అనండి. దానికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు, ఆ సబ్జెక్టూ తెలియనక్కర్లేదు. పది నిమిషాలు వినండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ పేజీ తెరిచి చూసుకుంటారు. మర్నాడు ఆ సందేహాన్ని తరగతికి తెస్తే, మిగతాది మేం చూసుకుంటాం.