సంధి ఊడిన గడియారం

మొన్న మా కళాశాల వార్షికోత్సవానికి నేను జేబు గడియారం పెట్టుకుని వెళ్ళాను. ఈ రోజుల్లో జేబు గడియారమేమిటని మీరు నవ్వవచ్చు. మా ఆవిడ మీకంటె ముందే నవ్వింది. “సెల్లు ఒక జేబులో, గడియారం ఒక జేబులో. రెండూ రెండు టైములు చూపిస్తే దేన్ని నమ్ముతారు?” అంది. నేను జవాబు చెప్పలేదు. పండగపూట వాదన పెట్టుకోకూడదు గదా!

ఆ గడియారం మా తాతగారిది. ఆయన 1940ల్లో బెజవాడ మీదుగా పోయే గూడ్సు బళ్ళకు గార్డుగా పనిచేశారు. వెండి డొప్ప, తెల్లటి ముఖం, నల్లటి అంకెలు. రోజూ పొద్దున్నే కీ ఇస్తే మర్నాటి దాకా టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ మా నాన్నగారి బీరువాలో, పట్టుపంచెల మడతల్లో ఉండేది. దాని మెడ చుట్టూ ఒక నల్లదారం చుట్టి ఉండేది. చిన్నప్పుడు అది దిష్టితాడు అనుకునేవాణ్ణి. మాసిపోయి, జిడ్డుపట్టి, చూడ్డానికి రోతగా ఉండేది. వార్షికోత్సవానికి వెళ్ళే రోజు పొద్దున్న ఆ దారాన్ని బ్లేడుతో కోసి అవతల పారేశాను. వెండి రింగు తళతళ మెరిసింది. గొలుసు తగిలించి, లాల్చీ జేబులో వేసుకుని బయలుదేరాను.

వేదిక మెట్లెక్కుతున్నాను. కాలికి పంచె అడ్డం పడింది. తూలి, ఎడంచేత్తో ఏదో పట్టుకోబోయి గొలుసు పట్టుకున్నాను. గొలుసు చేతిలోకి వచ్చింది, దాని చివర రింగు కూడా వచ్చింది. గడియారం మాత్రం రాలేదు. అది మెట్టుమెట్టూ లెక్కపెట్టుకుంటూ దొర్లి, ముందువరసలో కూర్చున్న ప్రిన్సిపాలుగారి బూటు దగ్గర ఆగింది. ఆవు పోయి పలుపు చేతిలో మిగిలిన ఆసామిలాగా నేను గొలుసు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అద్దం పగిలింది. సెకన్ల ముల్లు ఊడింది. టిక్కుటిక్కు ఆగిపోయింది.

ఇంటికి వచ్చి నాన్నగారి ముందు పెట్టాను. ఆయనకి ఎనభై దాటాయి. గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అద్దం గురించి ఒక్క మాట అనలేదు.

“దీని దారమేదిరా?” అన్నారు.

“మాసిపోయిందని తీసేశాను నాన్నగారూ.”

“మీ తాతగారు కట్టిన దారం అది. ఒక రాత్రి బ్రేకువ్యానులోంచి వంగి పచ్చదీపం ఊపుతుంటే రింగు ఒకపక్క ఊడిపోయి గడియారం వేలాడిందిట. చేత్తో పట్టుకోగలిగారు గాబట్టి సరిపోయింది, లేకపోతే పట్టాల కిందికే. బండి దిగగానే దారం చుట్టారు. ఉద్యోగం వదిలేదాకా మళ్ళీ విప్పలేదు.”

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. గడియారాన్ని నా చేతికిచ్చి, “ఆడుతుందేమో కనుక్కో” అని మాత్రం అన్నారు.

మర్నాడు పాతబజారులో గడియారాలు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించి ఆయన గడియారం లోపలికి చూడలేదు. ముందు దాని మెడ చూశారు.

“మేష్టారూ, లోపల మిషనుకి పెద్ద జబ్బేం లేదు. జబ్బంతా చెవుల్లో ఉంది” అన్నారు.

గడియారం పైన మెడలాంటి చిన్న గొట్టం ఉంటుంది. దానికి రెండుపక్కలా రెండు బెజ్జాలు. అర్ధచంద్రాకారపు రింగు రెండు కొసలూ ఆ బెజ్జాల్లో దూరి కూర్చుంటాయి. అతుకు లేదు, మర లేదు. రింగు తన బిగువుతో తానే పట్టుకుని ఉంటుంది. కొత్తలో బెజ్జాలు గుండ్రంగా ఉంటాయి. జేబులోంచి తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా రింగు అటూ ఇటూ ఒరుగుతుంది. చెమటా దుమ్మూ చేరి ఆకురాయిలాగా రాస్తాయి. వెండి మెత్తటిది, బంగారం అంతకంటె మెత్తటిది. ఏళ్ళు గడిచేసరికి గుండ్రటి బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, రింగు కొసలు సన్నబడతాయి. నిట్టనిలువుగా లాగితే ఇంకా ఓర్చుకుంటుంది. పక్కకి మెలిపెట్టి లాగితే ఒక కొస జారి బయటికి వస్తుంది. నేను తూలినప్పుడు చేసిన పని సరిగ్గా అదే.

బావిలో నీళ్ళు చేదిన ఇళ్ళవాళ్ళకి ఇది నేను వేరే చెప్పనక్కరలేదు. బొక్కెన అడుగు చిల్లుపడేకంటె ముందు దాని చెవి అరిగిపోతుంది. బొక్కెన బావిలో పడితే ఊరంతా తిరిగి పాతాళగరిగె ఎరువు తెచ్చుకునేవాళ్ళం. రైలుబండి కింద పడిన గడియారానికి పాతాళగరిగె ఎక్కణ్ణించి తెస్తాం?

“ఇంత విలువైన వస్తువుని రెండు బెజ్జాల్లో వేలాడదీయడమేమిటి సాయిబుగారూ! అడ్డంగా ఒక మర బిగించి పారేస్తే పోయేదిగా?” అన్నాను.

ఆయన నవ్వి, “మర పెడితే మీరు కీ ఎట్లా ఇస్తారు?” అన్నారు.

నేను నోరు మూసుకున్నాను. ఆ రాత్రి కూర్చుని చదివితే గాని ఆ ప్రశ్నలో ఎంత చరిత్ర ఉందో తెలియలేదు.

పూర్వపు జేబు గడియారాలకి కీ ఇవ్వడానికి వేరే తాళంచెవి ఉండేది. దాన్ని గడియారం వెనకవైపో ముఖం మీదో ఉన్న రంధ్రంలో పెట్టి తిప్పేవారు. అంచేత పైనున్న మెడకి వేలాడదీయడం తప్ప వేరే పని ఉండేది కాదు. చాలావాటిలో దాన్ని గట్టి దిమ్మలాగా పోసి, రింగునీ మెడనీ కలిపి అడ్డంగా ఒక మర దింపేవారు. ఆ రింగు ఊడాలంటే మర విరగాలి.

తాళంచెవితోనేమో వేరే బాధ. అది పోతే గడియారం మూగబోయేది. ఆద్రియాన్ ఫిలిప్ అనే ఫ్రెంచి పనివాడు తాళంచెవి అక్కర్లేని పద్ధతి కనిపెట్టి 1844లో పారిస్ ప్రదర్శనలో చూపించాడు. పతేక్ ఫిలిప్ అన్న పేరులో రెండో సగం ఈయనదే. పైనున్న బుడిపె తిప్పితే చాలు, కీ ఎక్కుతుంది. క్రమంగా లోకమంతా ఆ పద్ధతిలోకి వచ్చింది. ఎంత సుఖం! కాని బుడిపె నుంచి లోపలి మిషనుకి ఒక కడ్డీ వెళ్ళాలి. ఆ కడ్డీ మెడలోంచే వెళ్ళాలి. దాంతో గట్టి దిమ్మ కాస్తా బోలు గొట్టమైంది. ఇక అడ్డంగా మర దింపడానికి చోటేదీ? రింగుని రెండుపక్కలా బెజ్జాల్లో ఇరికించి ఊరుకున్నారు. ఒకచోట సుఖం పెరిగితే మరొకచోట పట్టు సడలిందన్నమాట.

ఈ సంగతి గడియారాలు కొనుక్కున్న పెద్దమనుషులకంటె ముందు జేబుదొంగలు కనిపెట్టారు. గొలుసు చొక్కా గుండీకి తగిలించి ఉంటుంది, దాన్ని తెంపితే యజమానికి తెలిసిపోతుంది. గొలుసు జోలికి పోకుండా జేబులోకి రెండువేళ్ళు పోనిచ్చి రింగుని మెలిపెడితే గడియారం చేతికి వస్తుంది. గొలుసు మాత్రం గుండీకి బుద్ధిమంతుడిలాగా వేలాడుతూనే ఉంటుంది. టైము చూసుకుందామని లాగినప్పుడు గాని పోయిన సంగతి తెలియదు.

దీనికి విరుగుడు కోసం అమెరికాలో డొప్పలు చేసేవాళ్ళు చాలా తంటాలు పడ్డారు. వాటిలో ఫిలడెల్ఫియాలోని కీస్టోన్ వాచ్ కేస్ కంపెనీ వాళ్ళు 1890ల్లో పత్రికల్లో జోరుగా ప్రకటించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. రింగు కొసలు రెండింటికీ చుట్టూ ఒక్కొక్క గాడి తీశారు. కొసలు బెజ్జాల్లోకి దూరిన తరవాత, మెడ గొట్టం లోపలికి పైనుంచి ఒక చిన్న పట్టీగొట్టాన్ని దింపారు. అది వెళ్ళి ఆ గాళ్ళలో కూర్చుంటుంది. ఇక రింగుని లాగండి, మెలిపెట్టండి, ఏమి చెయ్యండి, గాడి పట్టీని వదలదు. అయినా రింగు మామూలుగానే అటూ ఇటూ ఒరుగుతుంది, లోపల కడ్డీ తిరుగుతుంది, కీ ఎక్కుతుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా తిన్ననిదే: ‘లాగినా ఊడని రింగు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట.

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. పాత రింగు బలంతో పట్టుకునేది. కొత్తది అమరికతో పట్టుకుంది. బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. అమరిక అంత తొందరగా చెడదు. మా మామ్మ ముక్కుపుడక శీల బిగించుకున్నదీ ఈ న్యాయంతోనే. కాడని చెవి తమ్మెకో ముక్కుకో ఒత్తిపెడితే నిద్రలో ఊడుతుంది, వెనక శీల ఉంటే ఊడదు.

రైలువాళ్ళకి గడియారం అలంకారం కాదని మా తాతగారు అంటుండేవారట. 1891 ఏప్రిల్‌లో అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఇంజను డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే దానికి మూలమని చెబుతారు. ఆ తరవాత క్లీవ్‌లాండులో నగల వ్యాపారి అయిన వెబ్ బాల్‌ని పిలిచి రైలు గడియారాలను తనిఖీ చేయించారు. అక్కడి రైల్వేలు పెట్టిన కట్టుబాట్లలో వారానికి ముప్పై సెకన్లకి మించి తేడా రాకూడదన్నది ఒకటి. అంత కచ్చితంగా నడిచే మిషను కూడా చివరికి వేలాడేది ఆ చిన్న రింగు మీదే గదా!

గాంధీగారి సంగతి చూడండి. ఆయనకి కోటు లేదు, జేబు లేదు. ఇంగర్‌సాల్ గడియారాన్ని నడుము దగ్గర వేలాడదీసుకునేవారు. ఆ కంపెనీ 1896లో ఒక్క డాలరుకే గడియారం అమ్మి లోకానికి తెలిసింది. జేబులో గడియారానికి జేబు గుడ్డయినా ఆసరా. నడుముకు వేలాడే గడియారానికి రింగు తప్ప వేరే దిక్కు లేదు.

సాయిబుగారి దగ్గరికి తిరిగి వస్తాను. ఆయన నా ముందు మూడు దారులు పెట్టారు. మొదటిది, పట్టుకారుతో రింగు కొసలు దగ్గరికి నొక్కడం. అయిదు నిమిషాల పని, ఆరునెలల భోగం. బెజ్జం కోడిగుడ్డులాగా ఉన్నంతకాలం కొస మళ్ళీ జారుతుంది. రెండోది, రింగుని మెడకి టంకం పెట్టి అతికించెయ్యడం. నాకు అదే మేలనిపించింది.

“వద్దు మేష్టారూ. అతికిస్తే రింగు ఒరగదు. ఒరగకపోతే గొలుసు లాగిన లాగుడంతా మెడమీద పడుతుంది. ఇవాళ రింగు ఊడింది, రేపు మెడే విరుగుతుంది. కదలాల్సినదాన్ని కదలనివ్వాలి, ఊడకుండా చూడాలి” అన్నారు.

మూడోది బుష్షులు వేయడం. మిషను బయటికి తీసి పక్కన పెట్టి, అరిగిన బెజ్జాలను కొంచెం పెద్దవిగా గుండ్రంగా తొలిచి, వాటిలో సన్నటి వెండి గొట్టపు ముక్కలు కూర్చి టంకం పెట్టడం. సన్నబడ్డ కొసలున్న పాతరింగు బదులు అదే కొలతకి కొత్తరింగు. ఖర్చెక్కువ, వారం పడుతుంది. అదే చెయ్యమన్నాను.

ఇరవయ్యేళ్ళుగా తరగతిలో సంధులు చెబుతున్నవాణ్ణి. రెండు మాటలు కలిసేచోట ఒక అచ్చు లోపిస్తుందని రోజూ బల్ల గుద్ది చెబుతాను. ఇక్కడ సంధి ఊడితే గడియారమే లోపించబోయింది. కలిసేచోటే జాగ్రత్త కావాలని మా తాతగారు ఏ వ్యాకరణమూ చదవకుండా మూరెడు నల్లదారంతో తెలుసుకున్నారు. నేను చదివి కూడా బ్లేడు పెట్టి కోశాను.

మీ బీరువాల్లోనూ పెద్దల జేబు గడియారం ఏదైనా ఉంటే ఈ ఆదివారం ఒకసారి బయటికి తీయండి. మంచం మీద దుప్పటి పరిచి దానిపైనే చూడండి. రింగుని రెండువేళ్ళతో పట్టుకుని మెల్లగా పక్కకి కదపండి. టకటకమని ఆడితే బెజ్జం అరిగిందన్నమాట. దానికి గొలుసు తగిలించకండి. టంకం పెడతానన్నవాళ్ళకి ఇవ్వకండి. మెడకి దారం చుట్టి ఉంటే ఎందుకు చుట్టారో ఇంట్లో పెద్దవాళ్ళను అడక్కుండా విప్పకండి.

వారం తరవాత గడియారం ఇంటికి వచ్చింది. నాన్నగారు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తరవాత రింగు పట్టుకుని ఒకసారి మెలిపెట్టి చూశారు. ఊడలేదు. “బాగా చేశాడు” అని, పట్టుపంచె మడతల్లో కాకుండా తలగడ పక్కన పెట్టుకున్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్న కీ ఇచ్చేది ఆయనే.

ఈ ఉదంతమంతా రాసి, మా ఆవిడకి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది. లోపలికి వెళ్ళి మా అమ్మాయి బడిసంచీ తెచ్చి నా ముందు పడేసింది. గుడ్డ కొత్తదే. పట్టీ సంచీకి కలిసేచోట కుట్టు తెగి, పిన్నీసు పెట్టి ఉంది.

“మీ సంధి ఇక్కడ కూడా ఊడి నెలయింది. ముందు ఇది కుట్టించుకు రండి” అంది.