ఏడాదికొక్క ఆటవిడుపు

మన సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు దేశ సమస్యల మీద రాయాలా, కవిత్వం రాయాలా అని మూడు రోజులు తల పట్టుకున్నాను. చివరికి రెండూ వద్దనుకుని, పోయిన దసరా సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ ఒక వినోదాల పార్కుకు వెళ్ళొచ్చిన సంగతి చెబుదామనుకున్నాను. ఇదీ ఒక విషయమేనా అని పేజీ తిప్పేయకండి. విషయం ఉంది.

మాది సూర్యాపేట. నాన్న ధాన్యం మార్కెట్లో గుమాస్తా. చెల్లెలికి పదహారేళ్ళు. అప్పుడది హైదరాబాదులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. కాలేజీ పేరు అనవసరం, అలాంటివి వీధికొకటి ఉన్నాయి. పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా పుస్తకం ముందే. దసరాకు నాలుగు రోజులు ఇంటికి పంపారు. పిల్ల చిక్కి సగమైందని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "దింపడానికి ఎట్లాగూ హైదరాబాదు పోతాం గదా, ఆ రోజు ఆ పార్కేదో చూపించి దింపుదాం. దానికీ కాస్త మనసు మారుతుంది" అన్నాడు నాన్న.

అట్లా నలుగురం బయలుదేరాం. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలియక అమ్మ పులిహోర కట్టింది. గేటు బయట చెట్టు కింద కూర్చుని తినేసి లోపలికి నడిచాం. పెట్టె లాకర్లో పెట్టాం. అమ్మకు తల తిరుగుతుంది, నాన్నకు భయం. ఇద్దరూ ఒక సిమెంటు బల్ల చూసుకుని కూర్చున్నారు. "మీరు ఆడుకుని రండి, మేమిక్కడే ఉంటాం" అన్నారు.

ఇక చూడండి తమాషా. చెల్లెలు ఒక ఆట ఆడి బల్ల దగ్గరికి వస్తే నాన్న అడుగుతాడు: "మొన్నటి వారం పరీక్షలో ఎన్నొచ్చాయమ్మా?" ఇంకో ఆట ఆడి వస్తే అమ్మ అడుగుతుంది: "మన వీధి చివరి వాళ్ళ పిల్ల కూడా మీ కాలేజీయేనట గదా, దానికెంత ర్యాంకు?" చెల్లెలు "ఊఁ", "ఏమో" అని మళ్ళీ క్యూలోకి పోయేది. ఈ కాలం పిల్లలకు మాటంటే లెక్కలేదని అమ్మ నా వైపు చూసి నిట్టూర్చేది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? రోలర్ కోస్టర్ క్యూలో నిలబడి, బి.యస్సీ. ఫిజిక్సు విద్యార్థినన్న గర్వం కొద్దీ అడిగాను: "ఆ వలయం పూర్తిగా తిరిగి రావాలంటే బండిని ఎంత ఎత్తు నుంచి వదలాలో చెప్పు చూద్దాం!" అది తలెత్తి బండి వైపు చూడనైనా చూడలేదు. "ఘర్షణ లేదనుకుంటే వ్యాసార్థానికి రెండున్నర రెట్లు. అడుగున మనిషి బరువు ఆరు రెట్లు" అని గడగడా అప్పజెప్పింది. తరువాత మెల్లగా, "అన్నా, ఇక్కడ కూడానా?" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

మిత్రులారా, ఆ లెక్క గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకంలో వలయం గుండ్రంగా ఉంటుంది. నిజమైన రోలర్ కోస్టర్ వలయాలు సాధారణంగా అట్లా ఉండవు. 1895లో అమెరికాలోని కోనీ ఐలాండులో అచ్చం వృత్తంలాగే ఒకటి కట్టారు. ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేసేవి. ఎక్కువ కాలం నడవలేదది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్లో కట్టిన వలయం పైన ఇరుకుగా, కింద వెడల్పుగా, నీటిబొట్టు ఆకారంలో ఉంది. అప్పటి నుంచీ అదే పద్ధతి. అంటే ఏమిటి? మనిషి మెడ ఎంత ఓర్చుకుంటుందో ముందు లెక్క వేసి, ఆ తరువాత ఇనుము వంచారన్నమాట. డబ్బు తీసుకుని భయపెట్టే ఆటకే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, పదహారేళ్ళ పిల్ల నెత్తిన ఎంత బరువు పెట్టవచ్చో లెక్క వేయవలసిన బాధ్యత చదువు చెప్పేవారికి, చదివించేవారికి లేదా? 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాల తరువాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు మన ఇళ్ళలోనే చదివాం. చదివి, మళ్ళీ మన పిల్లల్ని ఎన్నొచ్చాయని అడిగాం.

ఇంకో సంగతి. 1955 జూలై 17న అమెరికాలో డిస్నీలాండు తెరిచారు. ఈ వినోదాల పార్కులకు ఒరవడి పెట్టింది అదే. ఆ ఆలోచన ఎట్లా పుట్టిందో వాల్ట్ డిస్నీయే చెప్పుకున్నాడు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను బల్ల మీద కూర్చుని వేరుశనగలు తింటూ, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుంటే బాగుండునని అనుకున్నాడట. తండ్రి బల్ల మీది నుంచి లేవాలని కట్టిన చోటుకు మనం టిక్కెట్టు కొనుక్కుని పోయి, మళ్ళీ బల్ల మీదే కూర్చుంటున్నాం. అంతటితో ఆగితే పరవాలేదు. ఆ బల్లనే పరీక్ష హాలు చేస్తున్నాం.

సాయంత్రం నాలుగింటికి ఏమనుకున్నాడో ఏమో, నాన్న లేచాడు. "పెద్ద చక్రం ఎక్కుదాం పద బిడ్డా" అన్నాడు. క్యూ పొడుగ్గా ఉంది. పైకి చూసి నాన్న మొహం పాలిపోయింది, మాట రావడం లేదు. చెల్లెలే నవ్వి, "ఏం కాదు నాన్నా, నేనున్నా గదా" అని చెయ్యి పట్టుకుంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, అది చెప్పింది: "నాన్నా, రాత్రుళ్ళు నిద్ర పడతలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నయ్."

పొద్దుటి నుంచి మేం అడిగిన ఇరవై ప్రశ్నలకు రాని జవాబు అది.

నాన్న ఏమీ అనలేదు. చక్రం ఎక్కారు, దిగారు. ఆ రాత్రి హాస్టలుకు పోలేదు. పెట్టెతో సహా నలుగురం సూర్యాపేట బస్సెక్కాం. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. నాన్న ఆ అప్పు ఇంకా తీరుస్తున్నాడు. చెల్లెలు ఇప్పుడు మా ఊళ్ళోనే, ఇంటి నుంచి నడిచి పోయి చదువుకుంటోంది. అదే ఎంపీసీ. ర్యాంకు వస్తుందో రాదో నేను చెప్పలేను. రాత్రి తొమ్మిదిన్నరకు మాత్రం గుర్రు పెట్టి నిద్రపోతోంది.

పోటీ ప్రపంచంలో చదవకపోతే ఎట్లా అని పెద్దలు అడుగుతారు. నిజమే, చదవాలి. హాస్టళ్ళన్నీ మూసేయమని నేననడం లేదు. ఏడాదంతా బరువు మోయించి ఒక్కరోజు ఉయ్యాల ఊపితే సరిపోతుందనుకోవడం పొరపాటు అంటున్నాను. ఆ ఒక్కరోజైనా మార్కుల ఊసెత్తకుండా పిల్లల పక్కన క్యూలో ఊరికే నిలబడమంటున్నాను. ఇది చదివే మనలో చాలామందికి ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇంటర్ చదువుతూ ఉంటారు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ళను ఎన్నొచ్చాయని అడగకండి. నిద్ర పడుతోందా అని అడగండి.