జేగురు సింహం

మొగల్తూరు వైపు ఎవరికైనా నడుం మీద మంట పుట్టి, నీటి పొక్కులు వరసకట్టి లేచాయంటే ఆసుపత్రి కంటే ముందు గుర్తొచ్చేది అక్కి రాసే మనిషే. జేగురు అరగదీసి ఆయన పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీస్తాడు. మూడు వారాల్లో పొక్కులు మాడి పెచ్చు కడతాయి. సింహం గెలిచింది! గీయించుకోకపోయినా ఆ మూడు వారాల్లోనే మాడేవంటే వినేవాళ్లుండరు. గీయించుకోకుండా ఆగి చూసినవాళ్లు లేరు కదా.

అక్కి అంటే చిన్నప్పటి ఆటలమ్మే మళ్లీ రావడం. ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను దగ్గర నరాల మొదట్లో నక్కి ఉండి, ఒంటి కాపలా సడలినప్పుడు ఒక నరం వెంబడి పైకొస్తుంది. ఆ నరం ఒంటికి ఒక పక్కనే ఉంటుంది గనక పొక్కులు సాధారణంగా రెండో పక్కకి దాటవు. పొక్కుల వరస పాములా నడుం చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న భయం ఉత్తదే. అసలు ప్రశ్న వేరు. ముసలితనంలో కాపలా సడలడం మామూలే, ముప్పై ఏళ్లవాడికి ఎందుకు సడలింది? అందుకే ఆ వయసులో అక్కి వస్తే డాక్టర్లు హెచ్ఐవీ పరీక్ష రాస్తారు. సింహం ఆ ప్రశ్నని మింగేస్తుంది. దాని మీద నా కోపమంతా అందుకే.

మూడు వారాల్లో మానని జబ్బులతో వస్తుంది చిక్కు. హెచ్ఐవీ ముదిరినవాళ్లకి చేతులకీ కాళ్లకీ దురద పొక్కులు లేచి నెలల తరబడి పోవు. ఇక నాగదోషమే అంటారు: ఎప్పుడో పుట్ట తవ్వారు, ఎవరో పాముని కొట్టారు. నాగుల చవితికి పాలు పోసి, పుట్టబంగారం తెచ్చి పూస్తారు. గోకి గోకి నెత్తురు కారే చర్మానికి మట్టి! ఉగాండాలో ఇలాంటి పొక్కుల నుంచి ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూసి 2004లో తేల్చిందేమంటే, వాటిలో ఎక్కువ భాగం పురుగు కుట్టినచోట ఒళ్లు అతిగా తిరగబడినవే. హెచ్ఐవీ దెబ్బతీసే రక్షణ కణాలు, అంటే సీడీ4 కణాలు, ఎంత తగ్గితే పొక్కులు అంత ఎక్కువ. మురుగు కాలవలూ చేపల చెరువులూ నిండిన ఈ డెల్టాలో కుట్టేది దోమ, నింద పాముకి.

రోగనిరోధక శక్తి తగ్గితే ఒళ్లు ఊరుకోవాలి గాని తిరగబడ్డమేమిటి? తగ్గడమంటే చల్లారడం కాదు, అదుపు తప్పడం. సీడీ4 లెక్క 250 లోపుకి పడ్డాక కొందరికి ఇయోసినోఫిల్ కణాలు వెంట్రుక కుదుళ్ల చుట్టూ చేరి, ముఖం, ఛాతీ, వీపు దురదతో రేగుతాయి. ఇంకా అరుదుగా పిటిరియాసిస్ రూబ్రా పిలారిస్ వస్తుంది: కుదుళ్లు ముళ్లలా లేస్తాయి, అరిచేతులు మందమెక్కుతాయి. దాన్ని చూసి పెద్దరోగమని జనం దూరం జరిగినా ఆశ్చర్యం లేదు.

హెచ్ఐవీకి ఏఆర్‌టీ మాత్రలు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ 2017లో చట్టమూ వచ్చింది. తిరకాసల్లా మొదటి నెలల్లో. మాత్రలతో బలం పుంజుకుంటున్న ఒళ్లు ఒక్కోసారి ఆ కుదుళ్ల దురదని మరింత రేపుతుంది. మందు వేడి చేసిందని కొందరు మానేస్తారు. మానకుండా మింగుతూ, పుట్టకీ మొక్కుకున్నవాడికి ఏ ఆరో నెలకో ఒళ్లు నున్నబడుతుంది. పేరు మాత్రం పుట్టకే.