పట్టాల వెంట పాత నగరం

హైదరాబాదు చరిత్ర అనగానే మన విద్యార్థులు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అని మూడు పేర్లు చెప్పి ఊరకుంటారు. వ్యాసరచన పోటీలలోనూ అవే, వక్తృత్వ పోటీలలోనూ అవే. ఆ కట్టడాల ఘనతను తగ్గించి చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే పేటకూ పేటకూ, కాలానికీ కాలానికీ నడుమనున్న సంబంధం తెలియనిదే నగరం తెలిసినట్లు కాదని మా అభిప్రాయం. ఆ సంబంధాన్ని తెలిపే పాఠ్యగ్రంథం ఒకటి మన చేరువలోనే ఉంది. అది సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమాకు పోయే లోకల్ రైలు మార్గం.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో మూసీకి దక్షిణపు ఒడ్డున నగరాన్ని నిర్మించాడు. ఆంగ్లేయుల దండు విడిసిన ఉత్తరపు భూమికి 1806లో నిజాం సికిందర్ జా పేర సికింద్రాబాదు అని పేరు వచ్చింది. వాడి నుండి నిజాం రాజ్యపు తొలి రైలు 1874లో చేరినది ఈ సికింద్రాబాదుకే. ఎం.ఎం.టి.ఎస్. పేర 2003లో ఆరంభమైన లోకల్ రైళ్లు ఇప్పుడు ఈ రెండు నగరాలను కలుపుతున్నాయి. కనుక సికింద్రాబాదులో బండి ఎక్కినవాడు దండు బజారు నుండి రాజుల నగరం వైపు, అంటే చరిత్రలో వెనుకకు ప్రయాణం చేస్తాడు.

మేము భాషాబోధకులం గనుక ముందుగా మా దృష్టి స్టేషన్ల పేర్లపై పడుతుంది. సీతాఫల్‌మండి దాటగానే ఆర్ట్స్ కాలేజి, ఆ వెంటనే జామియా ఉస్మానియా వస్తాయి. ఒకే విశ్వవిద్యాలయానికి పక్కపక్కనే రెండు స్టేషన్లు. ఒకదాని పేరు ఇంగ్లీషు, రెండవదాని పేరు అరబ్బీ. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా ఉన్నతవిద్యను దేశభాషలో చెప్పవచ్చునని నిరూపించింది. నేడు మాతృభాషలో చదువు గురించి వాదించుకొనేవారు ఒకసారి ఆ స్టేషనులో దిగి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు కాసేపు నిలబడవలెను. మలక్‌పేటలో అరబ్బీ మాట తెలుగు పేటతో చేరింది. యాకూత్‌పురాలో కెంపు అనే అర్థం గల అరబ్బీ పదం సంస్కృత పురంతో కలిసింది. దబీర్‌పురాలోని దబీర్ అంటే ఫారసీలో లేఖకుడు. కాచిగూడ, ఉప్పుగూడలలో మన తెలుగు గూడెమే ఉంది. ఉర్దూ ఒకరిదీ తెలుగు మరొకరిదీ అని గీత గీసేవారికి ఈ బోర్డుల వరుసే సమాధానం.

గుమ్మటాలతో శోభిల్లే కాచిగూడ స్టేషను 1916 నాటిది. అది దాటిన తరువాత బండి మూసీ మీదుగా పోతుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నదే పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విపత్తు పిదప విశ్వేశ్వరయ్య సలహా మేరకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినాయి. ఆ కథ తెలిసినవాడు వంతెన మీద ముక్కు మూసుకొని ముఖం తిప్పుకోడు. ఈ నదికి మనం ఏమి చేశామని తనను తాను ప్రశ్నించుకొంటాడు.

ఆవలి ఒడ్డున దబీర్‌పురాలో దిగితే ప్రాకారనగరం మొదలవుతుంది. ఒకనాడు దీనికి పదమూడు దర్వాజాలు ఉండేవి. నేడు నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే. ముహర్రం పదవనాడు బీబీ కా ఆలం ఊరేగింపు బయలుదేరేదీ ఈ దబీర్‌పురా నుండే. ఆ తరువాతి యాకూత్‌పురాకు దర్వాజా పోయి పేరు మాత్రమే మిగిలింది. ఫలక్‌నుమాలో వికారుల్ ఉమ్రా 1884లో కట్ట మొదలుపెట్టిన రాజభవనం గుట్ట మీద ఉంది. అది 2010 నుండి హోటలు. దాని లోపలికి పోవుట అందరికీ సాధ్యం కాదు. దాని కిందికి రైలులో పోవుట మాత్రం అందరికీ సాధ్యమే.

రైలు కిటికీలో కనిపించేవి పెరటి గోడలూ మురికి కాలువలేగదా అని కొందరు ఆక్షేపించవచ్చు. నిజమే. వీధి వైపు ముఖం కడిగి చూపే ఊరు పట్టాల వైపు తన అసలు సంసారాన్ని దాచుకోలేదు. ఆరవేసిన బట్టలూ, చిన్న కార్ఖానాలూ, గోరీల దొడ్లూ, పొద్దున్నే పనికి పరుగెత్తే జనమూ చరిత్రలో భాగమే. పాతబస్తీ అంటే బిర్యానీ అనో, లేకుంటే భయమనో తలచేవారిలో అనేకులు అక్కడ ఎన్నడూ బండి దిగనివారే. అక్కడ పుట్టి పెరిగిన మన విద్యార్థులలో సైతం తమ స్టేషను పేరుకు అర్థం తెలిసినవారు అరుదు. మన ఊరి కథ మనం చెప్పకపోతే, దానిని ఎన్నడూ చూడనివాడు చెబుతాడు. లోకం దానినే నమ్ముతుంది.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు రెండు. మొదటిది, చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఏటా ఒక దినం ఈ మార్గంలో విద్యార్థులను తీసికొనిపోవలెను. దీనికయ్యే ఖర్చు విహారయాత్రల ఖర్చులో శతాంశం కూడా ఉండదు. రెండవది, ఒక్కొక్క స్టేషను పరిసరాలలోని వృద్ధుల జ్ఞాపకాలను విద్యార్థులు సేకరించి, రెండు భాషలలో చిన్న పుస్తకంగా వెలువరించవలెను. దర్వాజాలు కూలడం మన కళ్లకు కనిపించింది. జ్ఞాపకాలు కూలడం కనిపించదు.

ఇక ప్రభుత్వం వారు ఈ మార్గాన బండ్ల సంఖ్యనూ వేళలనూ మెరుగుపరచవలసి ఉన్నది. 2023లో ఈ సర్వీసును ఫలక్‌నుమా నుండి ఉందానగర్ వరకు పొడిగించడం సంతోషకరమే. అయితే మార్గం పొడవు పెరిగితే చాలదు. వేళకు రాని బండిని జనం మరచిపోతారు. జనం మరచిన బండిని ఎత్తివేయడం తేలిక. విద్యార్థులు ఈ బండిని ఎక్కుతూ, దీని అవసరాన్ని నలుగురికీ తెలుపుతూ ఉండడమే దీనికి రక్ష అని మా దృఢవిశ్వాసం.