బెజవాడ: ఊరిపేరు, ఇంటిపేరు

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరిపేర్లు కోకొల్లలు. కందుకూరు నుండి వచ్చినవారు కందుకూరివారు. ఇక్కడ ఉకారం స్థానంలో చేరిన ఇకారమే ఔపవిభక్తికం. బెజవాడకు అట్టి మార్పు లేదు. ఊరికీ, ఇంటికీ ఒకటే రూపం. ఊరిలో అందరూ ఆ ఊరివారే కనుక, అక్కడ ఊరిపేరుతో ఒక కుటుంబాన్ని వేరుగా గుర్తించడం సాధ్యం కాదు. ఊరు విడిచి వేరొకచోట స్థిరపడినప్పుడే సాధారణంగా ఊరిపేరు ఇంటిపేరవుతుంది. అది వలసకు గుర్తే తప్ప వంశగౌరవానికి కొలబద్ద కాదు.

పదవ శతాబ్దిలో యుద్ధమల్లుడు మధ్యాక్కరలలో శాసనం వేయించిన బెజవాడ నేడు విజయవాడ. అయినను జనుల నోటను, బీజెడ్ఏ అనే రైల్వే సంకేతాక్షరాలలోను, ఇంటిపేర్లలోను పాతపేరు నిలిచియున్నది.

1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి అయిన గోపాలరెడ్డి ఇంటిపేరు బెజవాడ. ఆయన రవీంద్రుని రచనలను తెనిగించిన సాహితీపరుడు. మనుషులచేత మలం ఎత్తించే దుర్నీతిపై పోరాడి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందిన విల్సన్ ఇంటిపేరూ బెజవాడే. మొదటివారు నెల్లూరు సీమలోని బుచ్చిరెడ్డిపాలెంలో రెడ్డి కుటుంబంలో జన్మించారు. రెండవవారు కర్ణాటకలోని కోలారు బంగారుగనుల ప్రాంతంలో పారిశుద్ధ్య కార్మికుల ఇంట జన్మించారు.

ఇంటిపేరు వినగానే కులాన్ని ఊహించి మనిషికి విలువ కట్టడం నేటికీ మాయని దురలవాటు. ఆ ఊహ ఎంత నిరాధారమో చూపడానికి ఈ ఒక్క పేరు చాలు. ఇంటిపేరు పూర్వులు విడిచివచ్చిన ఊరిని చెప్పగలదు. మనిషి యోగ్యతను చెప్పవలసినది ఆ మనిషి చేసిన పనియే.